ఒక మగ, ఒక ఆడ, మొత్తం రెండు

నేను ఏడో తరగతిలో ఉండగా మా వీధిలో కోతుల్ని పట్టించారు. శ్రీకాళహస్తిలో పెరిగినవాళ్ళకి కోతుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కన్నప్ప కొండ ఎక్కేటప్పుడు చేతిలో కొబ్బరిచిప్ప ఉంటే అది మీది కాదు, కాసేపు మీ దగ్గరున్నదంతే. మిద్దె మీద వడియాలు పెడితే ఇంట్లో ఒకరు కర్ర పట్టుకుని కాపలా ఉండాల్సిందే. ఆ ఏడు ఒక పసిపిల్లను కరిచేసరికి వీధి వీధంతా చందాలు వేసుకుని పట్టేవాళ్ళను పిలిపించింది. ఇనప బోను, లోపల అరటిపళ్ళు, వేరుశెనక్కాయలు. సాయంత్రానికి పదకొండు కోతులు పడ్డాయి. ట్రాలీ ఆటోలో ఎక్కించారు. తలకోన అడవుల వైపు వదులుతామన్నారు.

ఆటో కదిలాక చూస్తే మా చింతచెట్టు మీద ఒక పిల్లకోతి మిగిలిపోయింది. గుప్పెడంత ఉంటుంది. కీచుమని అరుస్తా కొమ్మ మారతా ఉంది. ఆటోలోంచి ఇంకో అరుపు.

"వొరే నాయనా, పడితే రెంటినీ పట్టండి, లేదంటే రెంటినీ ఇడిసిపెట్టండి. తల్లినాడికి, బిడ్డనీడకి చేస్తే యాడ బతుకుతాది అది?" అని మా అవ్వ అడ్డం పోయింది.

"పదకొండు పట్నాం అవ్వా. లెక్క సరిపోయింది" అన్నాడు ఆటో ఆయన. అతని తప్పేం లేదు. బేరం తలకింత అని కుదిరింది. పన్నెండోది ఆ లెక్కలో లేదు. రెండు రోజులు అరిచి, మూడో రోజు అరవడం ఆపేసింది.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట మీద, 'లెక్క సరిపోయింది' అన్న మాట మీద.

వృత్తిరీత్యా నేను డేటాబేసులతో కుస్తీ పడేవాణ్ణి. ఏ టేబుల్ చూసినా ముందు కాలమ్స్ చూస్తాను. ఒక వ్యవస్థ దేన్ని పట్టించుకుంటుందో దాని ప్రకటనల్లో తెలీదు, దాని టేబుల్లో కాలమ్స్ చూస్తే తెలిసిపోతుంది. మన దేశంలో జూలన్నిటి మీదా అజమాయిషీ చేసే కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏటా జంతువుల జాబితా ఒకటి విడుదల చేస్తుంది. వరుసకో జాతి. ఏప్రిల్ 1 నాటికి ఓపెనింగ్ స్టాకు, తర్వాత పుట్టినవి, వచ్చినవి, పంపించినవి, చచ్చినవి, చివరికి మార్చి 31 నాటి క్లోజింగ్ స్టాకు. ప్రతి దాని కిందా నాలుగు గడులు: మగ, ఆడ, తెలియనివి, మొత్తం. కిరాణా కొట్టు లెక్కకి దీనికి తేడా ఒక్కటే. కొట్టులో కందిపప్పుకి మగా ఆడా ఉండదు.

ఈ లెక్క తప్పని నేనడం లేదు. లెక్క లేకపోతే దొంగ రవాణా పెరుగుతుంది, చచ్చినవి చావనట్టే ఉండిపోతాయి. నా అభ్యంతరం వేరే. పులికి, మొసలికి, కొండచిలువకి ఈ టేబుల్ దాదాపు సరిపోతుంది. పులి అడవిలో కూడా ఒంటరిగానే తిరుగుతుంది. కోతి, కొండముచ్చు, చింపాంజీ, గొరిల్లా - వీటికి సరిపోదు. వీటిలో ఒక్క జంతువు అనేది పూర్తి ప్రాణి కాదు. గుంపే ప్రాణి. మీరు ఒకదాన్ని బోనులో పెట్టి లారీ ఎక్కించినప్పుడు ఇక్కడ క్లోజింగ్ స్టాకులో ఒకటి తగ్గి అక్కడ ఒకటి పెరుగుతుంది. నిజానికి జరిగింది వేరు. ఇక్కడొక గుంపు తెగింది, అక్కడొక గుంపు కలత పడింది, మధ్యలో ఒక జంతువు ఎవరికీ ఏమీ కానిదైపోయింది. ఈ మూడింటికీ టేబుల్లో కాలమ్ లేదు.

హైదరాబాదు నెహ్రూ జూపార్కులో సుజీ అనే చింపాంజీ ఉండేది. మీలో చాలామంది చూసే ఉంటారు, పిల్లల్ని తీసుకుపోయి చూపించే ఉంటారు. 2011లో సహారా సంస్థ నుంచి జూకి వచ్చింది. 2022 డిసెంబరులో చనిపోయింది. జూ సిబ్బంది దాన్ని ప్రాణంగా చూసుకున్నారు, అందులో నాకే అనుమానమూ లేదు. ఎండాకాలం చల్లదనం, చలికాలం దుప్పటి, మంచి తిండి. లేనిదల్లా ఇంకో చింపాంజీ. జాబితా భాషలో చెప్పాలంటే సుజీ బతికినన్నాళ్ళూ లెక్క సరిగ్గానే ఉంది: మగ సున్నా, ఆడ ఒకటి, మొత్తం ఒకటి.

చట్టం లేదా అంటే, ఉంది. 1992 నాటి జూ గుర్తింపు నియమాల్లోనే జంతువుల్ని సామాజికమైన గుంపులుగా ఉంచాలని ఉంది. జత వెతకడానికో, సంతానంలో కొత్త రక్తం కలపడానికో తప్ప ఒంటరి జంతువుని తెచ్చుకోకూడదని కూడా ఉంది. వన్యప్రాణి చట్టం ప్రకారం రక్షిత జాతుల్ని ఒక జూ నుంచి ఇంకో జూకి మార్చాలంటే ముందుగా ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. మా ఆఫీసు భాషలో చెప్తాను: రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో అన్నీ రాసున్నాయి, కోడ్‌లో చెక్ పెట్టలేదు. అలాంటి సాఫ్ట్‌వేర్ రిలీజ్ చేస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు.

అధికారుల్ని తిట్టి ఊరుకుంటే ఈ వ్యాసం సుఖంగా ముగిసేది. కానీ జంతుప్రేమికులం అనుకునే మనలాంటివాళ్ళం కూడా ఇదే తప్పు తిరగేసి చేస్తాం.

అమెరికాలో క్లీవ్‌లాండ్ జూలో టిమ్మీ అనే గొరిల్లా ఉండేది. చాలా ఏళ్ళు ఒంటరిగా గడిపాక చివరికి ఒక ఆడ గొరిల్లాతో కుదిరింది. ఆ ఆడదానికి పిల్లలు పుట్టే అవకాశం లేదు. 1991లో టిమ్మీని న్యూయార్కులోని బ్రాంక్స్ జూకి, పిల్లల్ని కనగలిగే ఆడవి ఉన్న గుంపులోకి పంపాలని నిర్ణయించారు. ఊరు భగ్గుమంది. ప్రేమికుల్ని విడదీస్తారా అని ఊరేగింపులు, కోర్టు కేసులు. కేసు నిలవలేదు, టిమ్మీ వెళ్ళింది. అక్కడ పదమూడు పిల్లలకి తండ్రయింది. 2011లో చనిపోయింది.

ఈ కథని జూల తరఫువాళ్ళు తమ విజయంగా చెప్తారు: చూశారా, పదమూడు! జంతుప్రేమికులు ఆ విడదీత దగ్గరే ఆగిపోతారు. నాకు రెండు పక్షాలూ ఒకే టేబుల్ చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఒకరు 'పుట్టినవి' కాలమ్ చూసి మురిసిపోయారు, ఇంకొకరు 'పంపించినవి' కాలమ్ చూసి ఏడ్చారు. అడగాల్సిన ప్రశ్నలు వేరు. అక్కడి గుంపు టిమ్మీని ఎలా రానిచ్చింది? ఇక్కడ మిగిలిన ఆడదాని తర్వాతి రోజులు ఎవరితో గడిచాయి? తరలింపు మంచిదా చెడ్డదా అన్నది ఈ రెండు జవాబుల మీద ఆధారపడుతుంది. ఇద్దర్ని విడదీయడం పాపం, కలపడం పుణ్యం అనేది మనుషుల సినిమా లెక్క.

మన తెలుగువాళ్ళకి ఈ సినిమా లెక్క మరీ ఎక్కువ. రెండేళ్ళ కింద బెంగళూరు నుంచి కుటుంబంతో మైసూరు జూకి వెళ్ళాను. 2021 ఆగస్టులో జర్మనీ నుంచి రెండు గొరిల్లాలు వచ్చాయక్కడికి. తాబో, డెంబా. అన్నదమ్ములు. వచ్చేనాటికి ఒకదానికి 14 ఏళ్ళు, రెండోదానికి 8. అంతకు ముందు అక్కడ పోలో అనే గొరిల్లా ఉండేది. 1995లో డబ్లిన్ నుంచి వచ్చి, 2014లో చనిపోయేదాకా ఏళ్ళ తరబడి దేశం మొత్తానికి ఏకైక గొరిల్లాగా బతికింది. ఏకైక అన్న మాటని మనం గర్వంగా రాసుకున్నాం. పోలో వైపు నుంచి ఆ మాటకి అర్థమేమిటో ఆలోచించలేదు.

అన్నదమ్ములిద్దర్నీ చాలాసేపు చూసి మా అత్తయ్య, "రెండూ మగవేనా? పాపం, ఒక ఆడదాన్నయినా తేవచ్చు కదా బాబూ. వీటికి పెళ్ళెప్పుడు?" అంది. పక్కనున్న నలుగురూ నవ్వారు. వాళ్ళ మనసులోనూ అదే ఉందని ఆ నవ్వులో తెలిసింది.

ఆమెకి అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తాను. గొరిల్లాల్లో మగా ఆడా దాదాపు సమానంగా పుడతాయి. గుంపులో మాత్రం సాధారణంగా పెద్ద మగది ఒకటే, దానితో కొన్ని ఆడవి, వాటి పిల్లలు. మరి మిగతా మగవన్నీ ఎక్కడికి పోవాలి? అడవిలో వయసొచ్చాక పుట్టిన గుంపు వదిలి వెళ్ళిపోతాయి, ఒంటరిగానో, కొన్ని చోట్ల తోటి మగవాటితోనో తిరుగుతాయి. జూలో వెళ్ళిపోవడానికి చోటు లేదు. అందుకే ఐరోపా, అమెరికా జూలు మగ గొరిల్లాలతోనే బ్రహ్మచారుల గుంపులు కట్టడం నేర్చుకున్నాయి. చిన్న వయసులో మొదలుపెడితే, అందునా కలిసి పెరిగిన అన్నదమ్ములైతే, నిలబడే అవకాశం ఎక్కువ. అంటే ఆ ఆవరణలో 'పాపం' అనాల్సిన పనేమీ లేదు. జాబితాలో 'మగ రెండు, ఆడ సున్నా' అని కనిపించే ఆ వరుస, 'మగ ఒకటి, ఆడ ఒకటి' అనే అందమైన వరుస కంటే గొరిల్లాలకి మంచిది కావచ్చు. రేపు తమ్ముడికి కూడా వీపు మీద వెండి జూలు వచ్చాక ఒకదాన్నొకటి ఓర్చుకోకపోతే, విడి గదులు, తప్పించుకునే దారులు ఉన్నాయా అన్నది అసలు ప్రశ్న. పెళ్ళెప్పుడు అన్నది కాదు.

జంట అనే ఆలోచన మనది. కోతిది కాదు. మన వైపు కనిపించే కోతిని చూడండి. నెత్తి మీద జుట్టు పాపిడి తీసి టోపీ పెట్టినట్టుంటుంది, బానెట్ మకాక్ అంటారు. దక్షిణాదిలో తప్ప ఇంకెక్కడా సహజంగా లేదు. వీటిలో ఆడవి పుట్టిన గుంపులోనే చచ్చేదాకా ఉంటాయి. తల్లి హోదా కూతురికి వస్తుంది. గుంపులు మారేది మగవి. అంటే ఆ గుంపు అమ్మల, అక్కల, పిన్నమ్మల వరసల మీద నిలబడ్డ ఇల్లు. మా వీధిలో పట్టిన పదకొండింటిలో ఎన్ని ఆడవో ఎవరూ చూడలేదు.

కొత్త గుంపులో కలపడం ఎంత ప్రమాదమో తెలుసుకోవడానికి విదేశాలకి పోనక్కర్లేదు. 1960లలో సుగియామా అనే జపాను శాస్త్రవేత్త మన పక్క రాష్ట్రంలో, ధార్వాడ దగ్గర కొండముచ్చుల్ని గమనించాడు. బయటి మగవి వచ్చి పాత మగదాన్ని తరిమేశాక గుంపులోని పసిపిల్లలు చంపబడటం లోకానికి తెలిసింది ఆయన రాసినదాని వల్లే. గొరిల్లాల్లోనూ ఈ ప్రమాదం ఉంది. అందుకే చంటిపిల్లలున్న గుంపులోకి కొత్త సిల్వర్‌బ్యాక్‌ని పంపడానికి జాగ్రత్తెరిగిన జూలు వణుకుతాయి.

సుగియామా కంటే ముందే ఈ భయం మన కావ్యాలకి తెలుసు. కిష్కింధ కథని ఒకసారి ఈ కళ్ళతో చూడండి. ఒకే గుంపులో రెండు బలమైన మగవి. ఒకటి గెంటివేయబడి కొండ మీద బిక్కుబిక్కుమంటూ దాక్కుంది. బయటివాడి సాయంతో తిరిగొచ్చి పాతదాన్ని పడగొట్టింది. చావు ముంచుకొచ్చినప్పుడు వాలి బెంగ రాజ్యం మీద కాదు, అంగదుడి మీద. బిడ్డని సుగ్రీవుడికి అప్పగించి పోతాడు. అంగదుడు యువరాజు కావడంతో ఆ కథ ఒడ్డున పడుతుంది. గుంపు చేతులు మారితే ముందుగా ఎవరి ప్రాణానికి పూచీ పడాలో ఆ కవికి తెలుసు. మన ట్రాన్స్‌ఫర్ ఉత్తర్వు రాసేవాళ్ళకీ తెలిసుండాలని కోరడం అత్యాశేమీ కాదు.

మా ఊరి పేరులోనే ఇంకో కథ ఉంది. శ్రీ అంటే సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు. పాము మణులతో లింగాన్ని పూజిస్తుంది. ఏనుగొచ్చి ఆ రాళ్ళేమిటని తోసేసి నీళ్ళు పోసి మారేడాకులు పెడుతుంది. పాముకి ఆ ఆకులు చెత్త. చివరికి పాము తొండంలో దూరింది, ఏనుగు తల బాదుకుంది, రెండూ చచ్చాయి. భక్తులు ఇందులో మోక్షం చూస్తారు, చూడనివ్వండి. నాకు మాత్రం చిన్నప్పట్నుంచీ ఇది, రెండు మంచి జంతువుల్ని పరిచయం చెయ్యకుండా ఒకే చోట వదిలితే ఏమవుతుందో చెప్పే కథలాగే వినపడింది.

పరిచయం ఎలా చెయ్యాలో తెలిసినవాళ్ళు లోకంలో ఉన్నారు. తరలింపుకి వారాల ముందే పెట్టెని ఆవరణలో పెట్టి, అందులోనే తిండి పెట్టి, జంతువు తనంతట తాను లోపలికి నడిచి కూర్చునేలా అలవాటు చేస్తారు. మత్తు సూది ఆఖరి మార్గం. పాత సంరక్షకుడు వెంట వెళ్ళి కొన్నాళ్ళు అక్కడే ఉంటాడు. క్వారంటైన్ అయ్యాక మొదట వాసన, చప్పుడు. తర్వాత జాలీ అడ్డం పెట్టి ఒకరికొకరు కనబడటం. తర్వాత గుంపులో ఒకటీ రెండింటితో కాసేపు. అన్నీ సర్దుకుంటేనే తలుపు తీస్తారు. అప్పుడు కూడా ఆవరణలో చిక్కుకుపోయే మూల ఉండకూడదు, ప్రతి గదికీ రెండు దారులుండాలి. దీనికి నెలలు పట్టొచ్చు. కుదరదని తేలితే వెనక్కి తీసుకునే ఏర్పాటు ముందే ఉండాలి. ఐరోపాలో ఒక సమన్వయకర్త అన్ని జూల గొరిల్లాలనీ కలిపి ఒకే జనాభాగా చూస్తాడు, వంశావళితో పాటు ఏది ఎలాంటి గుంపులో పెరిగిందో, ఏది ఎవరితో పడదో కూడా చూసుకుని ఎవరెక్కడికో సూచిస్తాడు. వాళ్ళేమీ దేవతలు కాదు, పొరపాట్లు వాళ్ళకీ జరుగుతాయి. కానీ ప్రశ్న సరైనది అడుగుతున్నారు.

"మనుషులకే దిక్కు లేదు, కోతుల బంధుత్వాలేంటి?" అంటారు. ఈ మాట అనే హక్కు ఎక్కువగా ఉన్నది రైతుకి. చెనిక్కాయ చేను కోతుల పాలైన ఇంట్లో నేనూ అన్నం తిన్నాను. అందుకే చెప్తున్నా, గుంపుని ముక్కలు చేసి వదలడం రైతుకి కూడా నష్టమే. ఊరి తిండికి అలవాటు పడ్డ కోతిని తెలియని అడవిలో వదిలితే అది అడవిలో ఉండదు. దగ్గరి ఊరు వెతుక్కుంటుంది. మన పీడ ఇంకో ఊరికి ట్రాన్స్‌ఫర్ అవుతుంది, అంతే. తెలంగాణలో నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో కోతుల రక్షణ, పునరావాస కేంద్రం తెరిచారు. పట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి వదలడం దాని పద్ధతి. బోనుకంటే అది తెలివైన దారి. కాకపోతే ఆపరేషనైన కోతి మళ్ళీ తన గుంపులోకే చేరేలా చూడాలి. అక్కడ కూడా తలలే లెక్కపెడితే ఖర్చు మిగులుతుంది, కోతులూ మిగులుతాయి.

నేనడిగేవి మూడు. ఒకటి: ఏ కోతిజాతి జంతువునైనా మార్చడానికి అనుమతి అడిగే కాగితంలో, అది ఏ గుంపులోంచి వస్తుంది, ఏ గుంపులోకి వెళ్తుంది, వెనక మిగిలేవి ఏవి అన్నది రాయాలి. రాయలేకపోతే అనుమతి ఇవ్వకూడదు. రెండు: ఏటా వేసే జాబితాలో వీటికి ఇంకో కాలమ్ కావాలి, ఎవరితో ఉంది అని. ఒక్క కాలమ్. ఒంటరివి ఎన్నో ఆ రోజే బయటపడతాయి. మూడు: వీధి కోతుల్ని పట్టాలంటే గుంపుని గుంపుగా పట్టండి, లేదా పట్టకండి. తలకింత అనే బేరం మానండి.

వీటికి ఖర్చవుతుంది. విడి గదులు, ఎక్కువ మంది సంరక్షకులు, నెలల తరబడి ఓపిక. అంత పెట్టలేని జూలు కొన్ని జాతుల్ని వదులుకోవాలి. అంటే పిల్లాణ్ణి తీసుకుని వెళ్తే చింపాంజీ ఉండదు. ఖాళీ ఆవరణ ఉంటుంది. ఆ ఖాళీని ఒప్పుకోవడం మన వంతు. చూడ్డానికి ఒకటన్నా ఉండాలి అనే మన కోరికే సుజీనీ, పోలోనీ ఒంటరిగా నిలబెట్టిన కోరిక. టికెట్టు కొన్నది మనం.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా వీధిలో మళ్ళీ బోను కనిపించింది. చింతచెట్టు లేదు, అక్కడ మూడంతస్తుల లాడ్జి వచ్చింది. రాహుకేతు పూజలకి వచ్చేవాళ్ళు దిగుతారు. అవ్వ కూడా లేదు. బోను పక్కన బీడీ తాగుతున్న ఆయన్ని అడిగాను, ఈ గుంపులో మొత్తం ఎన్నున్నాయి అని.

"గుంపుతో మనకేం పని సార్? దొరికినన్ని" అన్నాడు.